ఊ కొట్టే మనిషి

సోమవారం. తూర్పు గాలి, చినుకులు.

ఈ పుస్తకం సంఘం వాళ్లు ఇచ్చారు. రోజూ రాయాలంట. ఎవరి ఫోనుకైనా చెబితే అదే రాసేస్తుంది కదా అన్నాను. అది తన మాటలు కలిపి అందంగా రాస్తుంది, మాకు నీ మాటలు కావాలి, చేత్తో రాయి అన్నారు. చెయ్యి అలవాటు తప్పింది. ‘ళ’ రాసి, సరిగ్గా వచ్చిందో లేదో రెండోసారి చూసుకున్నాను.

పొద్దున నూకరత్నం వచ్చింది. మా మెరక సంఘానికి ఆవిడే పెద్ద. నా భార్యకి పినతల్లి కూతురు. అందుకని నన్ను బావా అంటుంది. ఆ వరస చూసుకుని నోటికొచ్చింది అంటుంది.

"బావా, నీకు పని పడింది. మాటల డ్యూటీ."

చేతిలో గ్లాసు కింద పెట్టాను. "నాకా?"

"నీకే. చూశావా, ఒక మాట అప్పుడే వచ్చింది!"

సముద్రం మీదికొచ్చాక కట్టిన ఈ మెరక మీద పుట్టిన పిల్లలకి మాటలు రావటం లేదు. చెవులు బాగానే ఉంటాయి, నోరూ బాగానే ఉంటుంది. ఇళ్లల్లో ఎవరూ పైకి మాట్లాడరు, అదే జబ్బు. ఫోను అని పాత పేరే అంటున్నాం గాని ఇప్పుడది అరచేతికి అంటించుకునే పల్చటి పొర. వేళ్ల మీద బొటనవేలు ఆడిస్తే చాలు, అనుకున్నది అవతలి మనిషి అరచేతిలో పడుతుంది. ఒకే చాప మీద కూర్చున్న మొగుడూ పెళ్లాలూ అలాగే చెప్పుకుంటారు. మధ్యలో కూర్చున్న పిల్లకి ఏం వినిపిస్తుంది? అందుకని సంఘం వాళ్లు పైకి మాట్లాడే ముసలివాళ్లని ఏరి, ఇంటికొకరిని వేస్తున్నారు. రోజూ వెళ్లి పిల్ల ఎదురుగా కూర్చుని మాట్లాడి రావాలి.

నాకు పొర లేదు. నీటి గొట్టాల ఫిట్టరు పని చేసి చేసి అరచేతులు కాయలు కాశాయి. ఎన్నిసార్లు అంటించినా ఊడొచ్చేది. అదే నా అర్హత.

"నాకు మాటలు రావు రత్నం. నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు? మా అక్క బతికున్నన్నాళ్లూ నీ గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. ఏం చెయ్యమంటావు మరి? మంగతాయారుకి మాట్లాడి మాట్లాడి దవడ పట్టేసింది. మిగిలింది నువ్వు."

"నేను వెళ్లి ఏం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. రాకపోతే పిల్లతోపాటు నేర్చుకో."

పోతూ పోతూ అసలు సంగతి చెప్పింది. వానాకాలం వెళ్లగానే లెక్కల పడవ వస్తుంది. మూడేళ్లు నిండబోయే పిల్లల్ని చూస్తారు. ఎదుటి మనిషిని చూసి ఒక్క మాట, ఏ మాటైనా సరే, సొంతంగా అంటే వదిలేస్తారు. అనకపోతే గొంతుకి బిళ్ల పెడతారు. గొంతు కదలికని బట్టి పిల్లకి ఏం కావాలో అదే కనిపెట్టి, పిల్ల తరఫున అదే మాట్లాడుతుంది. తియ్యటి గొంతు. కానీ బిళ్ల పెట్టించుకున్నవాళ్లు మళ్లీ సొంతంగా నోరు తెరవడం నేనైతే చూడలేదు.

మంగళవారం. ఎండ.

వెళ్లాను. మా పలకల వంతెన మీద నడవడం నాకు కష్టం. అందరూ అరచెయ్యి చూసుకుంటూ నడుస్తారు. అంచు దగ్గరికొస్తే పొర గిల్లుతుంది, ఎవరైనా ఎదురొస్తే గిల్లుతుంది. పొర లేని నేను వాళ్ల పొరకి కనిపించను. అందుకని నేనే పక్కకి ఒదిగి, రెయిలింగు మీద పానాతో టక్ టక్ అని కొడుతూ పోతాను.

పిల్ల పేరు జున్ను. గోడ మీద రాసి ఉంది కాబట్టి తెలిసింది, ఎవరూ పిలవలేదు. తల్లి పేరు పావని. నాచు ఎండబెట్టే కొట్టు వాళ్ల సరుకు పనులన్నీ కూర్చున్న చోటు నుంచే చూస్తుంది. మొగుడు ఈశ్వర్ సముద్రంలో గాలిమరల దగ్గర పని. అమావాస్యకీ పున్నానికీ ఇంటికొస్తాడట.

నేను గుమ్మంలో నిలబడగానే గోడ వెలిగింది. ‘రండి తాతగారూ. కూర్చోండి. మంచినీళ్లు కావాలా?’ అని అక్షరాలు. పావని నాకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది, తల వంచుకుని.

"ఆయ్," అన్నాను.

ఆ అమ్మాయి జవాబు కోసం తన అరచేతిలోకి చూస్తూ కూర్చుంది. నేను తల ఊపాను. చూడలేదు. కాసేపటికి తలెత్తి, అయ్యో అన్నట్టు మొహం పెట్టి, గబగబా నీళ్లు తెచ్చింది. మంచి పిల్ల.

జున్ను మూల కూర్చుని ఉంది. తల వంచి అరచేతిలోకి చూసుకుంటోంది, బొటనవేలు ఆడిస్తోంది. ఇంత చిన్నపిల్లకి పొర అంటించారేమిటా అని వంగి చూశాను. పొర లేదు. ఉత్త చెయ్యి.

నేను ఎదురుగా కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను.

"ఇది గిన్నె," అన్నాను.

తరవాత ఏం చెప్పాలో తెలీలేదు.

బుధవారం.

గిన్నె, మూత, గరిటె చెప్పాను. నీళ్లు తాగి వచ్చేశాను.

గురువారం.

గిన్నె.

శుక్రవారం. మబ్బు.

సంఘం వాళ్లు బొమ్మల అట్ట పంపించారు. ఆవు, అరటిపండు, బస్సు. ఆవుని ఈ మెరక మీద నేనూ చూడలేదు. అయినా చూపించి చెప్పాను. జున్ను తన చెయ్యి చూసుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చి బకెట్టు ముందు కూర్చుని అలవాటు చేద్దామని చూశాను. బకెట్టు ముందు కూడా సిగ్గేసింది.

అంతకుముందు దారిలో నూకరత్నం ఆపింది. "ఏం చెప్పావు బావా ఇవాళ?"

"ఆవు."

"ఇంకా?"

"అంతే."

"ఆవు ఏం చేస్తుందో చెప్పలేదా? గడ్డి తింటుంది, పాలిస్తుంది, అంబా అంటుంది..."

"అంబా అనమంటావా నన్ను?"

"అనూ. తప్పా? మా అక్క ఎలా వేగిందో నీతో!" అని నవ్వుకుంటూ పోయింది. వంతెన మీద ఎవరూ తలెత్తి చూడలేదు. పైకి నవ్విన చప్పుడు వినిపిస్తే ఈ మధ్య నాకే ఉలికిపాటుగా ఉంటోంది.

ఆదివారం. పోటు, వాన.

ఇవాళ ఒకటి జరిగింది.

పోటు నీళ్లు ఇంటి కిందికి వచ్చి పలకలకి కొట్టుకుంటున్నాయి. నాకు చెప్పడానికి ఏమీ లేక ఊరికే కూర్చున్నాను. పలకల సందులోంచి చిన్న పీత ఒకటి పైకొచ్చింది. జున్ను దాన్ని చూసి, "బ్బ... బ్బా... దీ," అంది.

నేను "ఊఁ" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతటది అనేసింది.

పిల్ల తలెత్తింది. నా మొహంలోకి చూసింది. నేను ఈ ఇంటికి రావటం మొదలుపెట్టాక ఆ కళ్లు నా మీద పడటం ఇదే మొదలు. నల్లగా, పెద్ద కళ్లు.

"బ్బ దీ. దీ దీ," అంది, పీత వైపు చెయ్యి చాపి.

"ఊఁ."

"దాద్దా బ్బ!"

"ఊఁ... తరవాత?"

పీత సందులోకి దిగిపోయింది. పిల్ల ఆ సంగతి కూడా నాకు చెప్పింది. నేను విన్నాను. డ్యూటీ టైము అయిపోయిందని పావని గోడ మీద వెలిగించేదాకా నాకు తెలీలేదు.

చిన్నప్పుడు మా మేనత్త వాళ్లింట్లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఆడవాళ్లంతా చేరి చింతపండు పిక్కలు తీసేవాళ్లు. పని సాగడానికి మా అత్త కథ చెప్పేది. ఆవిడది ఒకటే షరతు. ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆపేసేది. పెద్దవాళ్లు పనిలో పడి మరిచిపోయేవాళ్లు, పిల్లలు మధ్యలో అడ్డం వచ్చేవాళ్లు. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. "మా చిట్టబ్బాయికి నోరు లేదు గాని చెవులున్నాయే," అనేది. రాజు వేటకి బయల్దేరితే చిన్న ఊఁ. పులి ఎదురైతే సాగదీసి ఊఁ. రాణి ఏడిస్తే లోపలే ఉండిపోయే ఊఁ. అత్త నీళ్లు తాగడానికి ఆగితే, తరవాత?

బళ్లో దేనికీ నాకు మార్కులు రాలేదు. ఆ పనికి మాత్రం నన్నే పిలిచేవాళ్లు.

సోమవారం.

జున్ను గుమ్మం దగ్గరే కాచుకుని ఉంది. నా పానా చప్పుడు విని వచ్చిందనుకుంటాను. నేను కూర్చోకముందే మొదలుపెట్టింది. ఏం చెప్పిందో తెలీదు. మంచి విషయమే అయి ఉంటుంది, మధ్యలో నవ్వింది. ఒకచోట బాధ కూడా పడింది. నేను దానికి తగ్గట్టు ఊ కొట్టాను.

ఇవాళ అరచెయ్యి చూసుకోలేదు. రెండు చేతులూ నేల మీద ఆనించి, ముందుకి వంగి, నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

శనివారం. గాలి.

నూకరత్నం పుస్తకం తీసుకెళ్లి చదివింది. సాయంత్రం వచ్చి కూర్చుంది.

"బావా, నిన్ను మాట్లాడమని పంపాం. పిల్ల మాట్లాడుతుంటే నువ్వు ఊ కొట్టి వస్తున్నావు. ఇది ఎక్కడి డ్యూటీ?"

"మాట్లాడుతోంది కదా."

"మాటలా అవి? దద్దా బబ్బా! పడవ వాళ్ల మిషను లెక్కెయ్యదు. నువ్వనే ఊఁ కూడా మాట కాదు. ఆ పిల్ల రేపు పడవలో వచ్చినవాళ్ల ముందు ఊఁ అంటే సున్నా వేసి బిళ్ల పెట్టి పోతారు." లేస్తూ, "వానలు తగ్గిపోతున్నాయి బావా," అంది.

ఆ మాట మాత్రం తమాషాగా అనలేదు.

మంగళవారం.

ఇవాళ పావని తనంతట తనే వచ్చి నా పక్కన కూర్చుంది. అరచెయ్యి నా ముందుకి చాపింది. నాకు కనబడాలని అక్షరాలు పెద్దవి చేసింది.

‘భయంగా ఉంది తాతగారూ. బిళ్ల పెట్టించేస్తేనే మంచిదేమో. మా అక్క కొడుకు బిళ్లతో చక్కగా మాట్లాడతాడు.’

"ఆ బాబు గొంతు ఎలా ఉంటుందమ్మా?"

ఆలోచించింది. ‘అందరి బిళ్లల గొంతే.’

"నీ గొంతు?"

వేళ్లు ఆగిపోయాయి. మెల్లగా రాసింది. ‘బొంగురు. చిన్నప్పుడు బళ్లో ఒకసారి పైకి చదవమన్నారు. అందరూ నవ్వారు. ఆ తరవాత అవసరం రాలేదు.’

"నాకూ అంతే అమ్మా," అన్నాను. "నాకు పొర అంటలేదు. అంటుకుని ఉంటే నేనూ నీలాగే ఉందును."

నిజమే చెప్పాను. ఈ పొరని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు నోరు రాదు. నలుగురిలో నోరు పెగలని వాడికి అదెంత సుఖమో నాకు తెలుసు. పెళ్లిళ్లలో, చావుల్లో, ఏం మాట్లాడాలో తెలీక చెమటలు పట్టిన రోజులు నావీ ఉన్నాయి.

పావని తలెత్తి నన్ను చూసి నవ్వింది. జున్నుకి అవే కళ్లు.

గురువారం. వాన లేదు.

వంటగట్టు కింద కొళాయి కారుతోంది. రోజూ చూస్తూనే ఉన్నాను, మనసు ఆగక ఇవాళ పానా తీసి కింద కూర్చున్నాను. జున్ను వచ్చి పక్కన చతికిలబడింది. పని చేసేటప్పుడు నాలో నేను గొణుక్కునే అలవాటు నాకుంది.

"వాషరు పోయింది," అన్నాను, నాకు నేనే.

"ఊఁ," అంది జున్ను.

చెయ్యి ఆగిపోయింది. పిల్ల నా మొహంలోకే చూస్తోంది. కాచుకుని ఉంది.

"రబ్బరు వాషరు... ఎండిపోతే ఇలాగే బీటలిస్తుంది."

"ఊఁ."

"కొత్తది వెయ్యాలి."

"ఊఁ."

ఎలా చెప్పాలో తెలీటం లేదు. నా జన్మలో ఎవరూ నాకు ఊ కొట్టలేదు. నేను చెబితే కదా కొట్టడానికి. కొళాయి గురించి చెప్పాను, గొట్టాల గురించి చెప్పాను, పిల్ల ఊఁ, ఊఁ అంటూనే ఉంది. చెప్పేది అయిపోతే ఆ ఊఁ ఆగిపోతుందేమో అని భయమేసి భూలక్ష్మి సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

భూలక్ష్మి నా భార్య. పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు పెద్దవాళ్లు మమ్మల్ని ఇద్దర్నీ వరండాలో వదిలి లోపలికి పోయారు. నేను చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. తనే అడిగింది, నేను నచ్చానా అని. నోరు పెగల్లేదు. "ఊఁ" అన్నాను. నేను బాగా వాగుతానండీ, ఫరవాలేదా, అంది. "ఊఁ" అన్నాను. అప్పుడు తను చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా వైపు చూసి...

అక్కడ ఆగిపోయాను. తను పోయిన దగ్గర్నుంచి మా ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు. అది అందరూ అన్నారు, పాపం ఇల్లు మూగబోయిందని. ఊ కొట్టడానికి నాకు మనిషి లేకుండా పోయిందని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకే ఇవాళ తోచింది, కొళాయి కింద కూర్చుని.

"తరవాత చెప్తాలేమ్మా," అని లేచాను.

వెనక పావని నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో తెలీదు. అరచెయ్యి వెలుగుతూనే ఉంది, తను చూడటం లేదు.

ఆదివారం.

పడవ రేపొస్తుందని నూకరత్నం చెప్పింది. ఎగతాళి చెయ్యలేదు. వెళ్లేముందు నా భుజం మీద చెయ్యి వేసింది. జున్నుకి ఇంకా ఒక్క మాట రాలేదు.

సోమవారం. తెల్లటి ఎండ.

లెక్కల పడవ వచ్చింది. పెందలాడే వెళ్లాను. నూకరత్నం కూడా వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

వచ్చిన అమ్మాయి పేరు లిఖిత. పాతికేళ్లుంటాయి. తన గొంతు మీద కూడా బిళ్ల ఉంది. బిళ్ల పెట్టిన మొదటి పిల్లల్లో తనొకతె అయి ఉంటుంది. పెదవులు కదలకుండానే, "నమస్కారమండీ, పాప ఎక్కడుంది?" అని తియ్యగా వినిపించింది.

నేల మీద చిన్న పెట్టె పెట్టింది. దానిలోంచి గాలిలోకి బొమ్మలు లేచాయి. ఆవు లేచి నిలబడింది.

"ఇది ఏమిటి?" అంది పెట్టె.

జున్ను ఆవుని చూసింది. పెట్టె చుట్టూ చూసింది. అడిగిన మనిషి కోసం వెతుకుతోందని నాకు తెలిసింది. అక్కడ మొహం లేదు. ఆవు పోయి అరటిపండు వచ్చింది. ఇది ఏమిటి? బస్సు. ఇది ఏమిటి? జున్ను మెల్లగా కూర్చుంది. చెయ్యి విప్పింది. ఉత్త అరచేతిలోకి చూసుకుంటూ బొటనవేలు ఆడించడం మొదలుపెట్టింది.

చాలా రోజులైంది పిల్ల ఆ పని చేసి.

"సున్నా," అంది పెట్టె.

"మా దగ్గర బాగా చెబుతుందమ్మా," అంది నూకరత్నం. "కాస్త ఆగి అడగాలి, ఆ మిషను ఆగదు కదా!"

"ఏం మాటలు చెబుతుందండీ?"

నూకరత్నం నా వైపు చూసింది. నేను చెప్పులు చూసుకున్నాను. ఏం చెప్పను?

లిఖిత సంచిలోంచి డబ్బీ తీసింది. మూత తీస్తే లోపల బిళ్ల, పావలా కాసంత. జున్ను ముందు మోకాళ్ల మీద కూర్చుని గడ్డం పైకెత్తింది. పిల్ల ఎత్తనిచ్చింది.

పావని వేళ్లు గబగబా ఆడుతున్నాయి. అరచెయ్యంతా అక్షరాలు. గోడ మీద కూడా వెలుగుతున్నాయి, ‘ఆగండి, ఆగండి’ అని. లిఖిత గోడకి వీపు పెట్టి ఉంది. తన అరచెయ్యి డబ్బీ కింద ఉంది. ఎవరూ చదవటం లేదు.

"వ... వద్దు."

ఎవరా అని చూశాను. పావని. బొంగురు గొంతు, చాలా కాలంగా తిప్పని కొళాయిలా ముందు గాలి, తరవాత మాట.

లిఖిత వెనక్కి తిరిగింది. "ఎందుకమ్మా?"

పావని మొహం ఎర్రబడింది. అరచేతిలోకి చూసుకుంది. మళ్లీ తలెత్తింది.

"జున్ను... పుట్టిన రోజు," అంది. "వాన. ఈయన లేరు. నొప్పులొచ్చాయి. చెయ్యి తడిసి... పొర ఊడిపోయింది."

ఆగిపోయింది. ఇక రాదనుకున్నాను. జున్ను లిఖిత చేతిలోంచి గడ్డం విడిపించుకుంది. లేచి తల్లి దగ్గరికి వెళ్లింది. మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ఊఁ," అంది.

పావని కింద కూర్చుండిపోయింది, పిల్ల ఎత్తుకి. ఇప్పుడు చెప్పేది మాకు కాదు.

"పక్కింటి వాళ్లని పిలుద్దామని నోరు తెరిచాను. గొంతు రాలేదు."

"ఊఁ."

"గోడ కొట్టాను. ఎవరూ చూడలేదు. అందరూ... అరచేతుల్లో ఉన్నారు. నేను ఒక్కదాన్నే."

"ఊఁ..."

ఇది సాగదీసిన ఊఁ. పులి ఎదురైనప్పటి ఊఁ. నేను నేర్పలేదు.

పావని మాట మళ్లీ ఆగిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తల వాలిపోతోంది, అలవాటుగా, అరచేతి వైపు. జున్ను రెండు చేతులతో తల్లి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"తల్వాత?" అంది.

కింద నీళ్ల చప్పుడు వినిపించింది.

"తల్వాత మ్మా?"

"తరవాత... తరవాత నువ్వు పుట్టావు," అంది పావని, ఏడుస్తూ, నవ్వుతూ. "పుట్టి ఏడ్చావు. ఎంత గట్టిగా ఏడ్చావంటే, ఆ చప్పుడుకి వంతెన మీద వాళ్లు తలెత్తారు. పరిగెత్తుకొచ్చారు. నేను పిలవలేకపోయాను. నువ్వు పిలిచావు వాళ్లని."

లిఖిత వైపు తిరిగింది. "నన్ను బతికించింది ఆ గొంతండీ. దాని మీద బిళ్ల పెట్టకండి."

లిఖిత డబ్బీ పట్టుకుని అలాగే మోకాళ్ల మీద ఉంది. తన బిళ్లకి ఏం చెప్పాలో తోచలేదు కాబోలు, చాలాసేపు ఏమీ పలకలేదు. గొంతు మీద మాత్రం ఏదో కదిలింది, మింగినట్టు. పెట్టె ఇంకా సున్నా చూపిస్తోంది. వేలితో దాన్ని ఆపేసింది. పడవ కాగితాల మీద తనే పెన్ను తీసి రాసింది. నూకరత్నం మెడ చాచి చూసి నాకు చెప్పింది: ‘ఎదుటి మనిషిని చూసి, సొంతంగా, ఒక మాట.’

డబ్బీ మూత పడ్డ చప్పుడు విన్నాను.

బయటికొచ్చాక నూకరత్నం కళ్లు తుడుచుకుంది. "బావా, అంబా అని చెప్పమంటే ఏం చెప్పావు నువ్వు?"

"నేనేం చెప్పలేదు," అన్నాను.

"అదే అంటున్నాను," అంది.

బుధవారం. దక్షిణపు గాలి, హాయిగా ఉంది.

డ్యూటీ అయిపోయినట్టే. నూకరత్నం వేరే ఇల్లు చూపిస్తానంది. వాషరు మార్చే పని మిగిలిపోయింది కదా అని పానా పట్టుకుని వెళ్లాను. అది సాకు. రాస్తున్నాను కాబట్టి నిజమే రాస్తాను.

వంతెన మీద ఉండగానే వాళ్లింట్లోంచి మాటలు వినిపించాయి. పావని ఏదో చెబుతోంది, నాచు గురించి, ఎండ చాల్లేదని, ఈశ్వర్ పున్నానికి వస్తాడని. గొంతు ఇంకా బొంగురే. మధ్యమధ్యలో ఊఁ. రెయిలింగు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. పక్కింటావిడ గుమ్మంలో అరచెయ్యి చూడటం మానేసి వింటోంది. నన్ను చూసి సిగ్గుపడి లోపలికి పోయింది.

గుమ్మంలో నిలబడ్డాను. గోడ వెలగలేదు.

"రండి తాతగారూ, కూర్చోండి," అంది పావని. "నీళ్లు తాగుతారా?"

"ఆయ్," అన్నాను. ఈసారి వింది.

జున్ను వచ్చి నా వేలు పట్టుకుని లాక్కెళ్లి కొళాయి దగ్గరే కూర్చోబెట్టింది. తనూ కూర్చుంది. నేను పానా తీశాను. తను నా చేతిలోంచి పానా లాగి పక్కన పెట్టింది.

"తల్వాత?" అంది.

నాకు అర్థం కాలేదు.

పావని నీళ్ల గ్లాసుతో వచ్చి, మా పక్కనే నేల మీద కూర్చుంది. "మీరు వరండాలో ఆపేశారు తాతగారూ. మామ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మీ వైపు చూశారు. అక్కడ ఆపేశారు. అప్పట్నుంచి నేనూ కాచుకునున్నాను."

ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. నాలుగు నల్లటి కళ్లు. మామూలుగా అయితే చెప్పులు చూసుకునేవాణ్ణి. ఇవాళ వాటిని గుమ్మం బయట విడిచి వచ్చాను.

గొంతు సవరించుకున్నాను.

"భూలక్ష్మి నా వైపు చూసి నవ్వింది," అన్నాను. "నవ్వి, ‘అయితే మొదలుపెట్టనా?’ అంది."

"ఊఁ," అన్నారు ఇద్దరూ.